అడుగుడు మీది, చెప్పుడు మాది: ఈసారి గేమ్‌ల మ్యూజిక్ ముచ్చట

పోయిన సంచికల "వీడియో గేమ్‌లల్ల వినపడే మ్యూజిక్ మీద ఏమన్న అడగాల్నంటే రాయుండ్రి" అని మూలకు చిన్న డబ్బా వేసినం. సినిమా పాటల మీద అడిగినప్పుడు కూడ గిన్ని ప్రశ్నలు రాలే, నిజంగ. అన్నీ వేసుడు కుదరదు కాబట్టి ఒకే తీరు ఉన్నయి కలిపేసి కొన్నిటికి పెద్దగ, కొన్నిటికి పొట్టిగ రాస్తున్న. పేర్లు వెయ్యొద్దని చాలామంది అన్నరు, అందుకే ఊర్ల పేర్లే పెట్టిన.

మా బాబు టెన్త్. ఎప్పుడు సూసినా చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకొని బీజీఎంఐ అనే తుపాకుల గేమ్ ఆడుతడు, పిలిస్తే పలుకడు. "ఏం పాటలు ఇంటున్నవ్‌రా గంత మునిగిపోయి" అంటే "పాటలు కాదమ్మా, అడుగుల సప్పుడు ఇంటున్న" అంటడు. నన్ను ఎర్రిదాన్ని చేస్తుండా? – ఓ అమ్మ, దేవరకొండ

లేదక్కా, పోరడు నిజమే చెప్తుండు. ఆ గేమ్ ఓపెన్ చేయంగనే లాబీల, అంటే మ్యాచ్‌కు ముందు వచ్చే తెర మీద, పెద్ద సినిమా లెవెల్ల మ్యూజిక్ మోగుతది గాని మ్యాచ్ మొదలై విమానంల నుంచి దుంకినంక వెనక మ్యూజిక్ అంటూ దాదాపు ఏం ఉండదు, గాలి సప్పుడు, బండి సప్పుడు, తుపాకి సప్పుడు, పక్క రూంల ఎవడన్న నడుస్తుంటే వాని అడుగులు, అంతే. ఆ అడుగులు ఎడమ చెవుల వినపడ్డయా, కుడి చెవులనా, దగ్గరనా దూరమా, దాన్ని బట్టే ఆట. గసుంటి టైంల వెనక నుంచి వయొలిన్లు అందుకుంటే ఆట మొత్తం ఆగమైతది. ఎక్కడ మ్యూజిక్ పెట్టొద్దో తేల్చుడు కూడ గేమ్ సౌండ్ చేసేటోళ్ల పనిలనే ఒక భాగం.

పిలిస్తే పలుకకపోవుడు మాత్రం వేరే సంగతి, దానికి మ్యూజిక్‌ను అనేది లేదు. చిన్న సప్పుళ్లు వినపడాలని ఈ పిల్లలు సౌండ్ ఫుల్ పెడ్తరు, ఆ సౌండ్‌లనే తుపాకులు కూడ పేలుతయి. పిల్లల చెవులకు 75 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, సౌండ్ కొంచెం పెరిగినా ఆ గంటలు దబదబ తగ్గిపోతయి. 18 ఏండ్ల లోపోళ్లకు రోజుకు 3 గంటలని ఆ గేమ్‌లనే లిమిట్ ఉన్నది, కాని వయసు నిజం చెప్పినోళ్లకే అది పనిచేస్తది. మీవోడు ఏం వయసు కొట్టిండో ఒకసారి ఫోన్ తీస్కొని సూడుండ్రి.

సార్, నేను ఇంటర్ సెకండ్ ఇయర్. మా మామ చిన్నప్పుడు ఆడిన గేమ్‌లల్ల అంత "బీప్ బీప్" అని వస్తుండె అంటడు, ఇప్పుడేమో ఆర్కెస్ట్రా పెట్టి రికార్డ్ చేస్తుండ్రు. ఇది ఎట్ల మారుకుంట వచ్చింది? కొంచెం వివరంగ చెప్పుండ్రి. – మిర్యాలగూడ

తమ్మీ, బీప్ నుంచి ఆర్కెస్ట్రా దాంక అని అందరు చెప్తరు, అది సగం కథే. అసలు కథ వేరే ఉన్నది, మెల్లగ చెప్త.

మొదట్ల మ్యూజిక్కే లేదు. 1972ల అటారీ కంపెనీ పాంగ్ అనే గేమ్ తెచ్చింది, తెర మీద రెండు గీతలు, మధ్యల బాల్, తగిలినప్పుడల్ల ఒక సప్పుడు. చేసిన ఇంజనీర్ ఆలన్ ఆల్కార్న్ సప్పుడు కోసమని వేరే సామాన్ ఏం పెట్టలే, సర్క్యూట్‌ల అప్పటికే తిరుగుతున్న సిగ్నల్స్‌ల నుంచే గుంజిండు. ఆరేండ్లకు, 1978ల, జపాన్ల టైటో కంపెనీ నుంచి స్పేస్ ఇన్వేడర్స్ వచ్చింది, చేసింది తోమోహిరో నిషికాడో. పై నుంచి ఏలియన్స్ వరుసలు వరుసలు దిగుతుంటయి, కింద నుంచి మనం కాల్చాలె. వెనక నాలుగే నోట్లు, లోతు గొంతుతోని ఒకదాని కింద ఒకటి దిగే నాలుగు నోట్లు, అవే తిరిగి తిరిగి. అయితే ఏలియన్స్ చచ్చిన కొద్దీ మిగిలినయి స్పీడ్ అయితయి, ఎందుకంటే గీసే బొమ్మలు తగ్గితే అప్పటి ప్రాసెసర్‌కు పని తగ్గి ఆట దానంతట అదే ఉరికేది, అది మంచిగనే ఉందని అట్లనే ఉంచిండ్రు. దాంతోని పాటు ఆ నాలుగు నోట్లు కూడ ఉరుకుతయి, ఆడేటోని గుండె కూడ ఉరుకుతది.

నన్నడిగితే గేమ్ మ్యూజిక్ పుట్టింది అక్కడనే. సినిమాకు మ్యూజిక్ చేసేటోనికి సీన్ ఎన్ని సెకండ్లో, హీరో ఎప్పుడు తిరిగి సూస్తడో ముందే తెలుసు, దాని కొలతకు కుట్టి ఇస్తడు. గేమ్‌ల గట్ల కాదు. ఒకడు విలన్‌ను రెండు నిమిషాలల్ల లేపేస్తడు, ఇంకొకడు అర్ధగంట కొట్టుకుంట చచ్చుకుంట ఉంటడు, ఇంకొకడు పాజ్ పెట్టి బువ్వ తిని వస్తడు. ముగ్గురికీ అదే మ్యూజిక్ సరిపోవాలె, ముగ్గురికీ తన కోసమే మోగుతున్నట్టు ఉండాలె. రాసేటోనికి ఆట ఎటు పోతదో తెల్వదు, తెల్వకుండనే రాయాలె. ఈ చిక్కు 1978ల ఎట్లుండెనో ఇప్పుడూ అట్లనే ఉన్నది, దాన్ని విప్పే సామానే మారుకుంట వచ్చింది.

ఇగ మీ మామ అనే బీప్ బీప్. 1983ల జపాన్ల నింటెండో కంపెనీది ఫామికామ్ అనే, టీవీకి తగిలించి ఆడే గేమ్ మిషన్ వచ్చింది. మన దిక్కు బజార్లల్ల, జాతరలల్ల దొరికిన "టీవీ గేమ్"లు దాని కాపీలే, "9999 ఇన్ 1" అని రాసిన క్యాసెట్, ఉఫ్ అని ఊది పెట్టుడు, మారియో, కాంట్రా, మీ మామను అడుగు చెప్తడు. దాంట్ల సౌండ్‌కు మొత్తం ఐదు ఛానెళ్లు, అంటే ఒకేసారి ఐదు సప్పుళ్లే, ట్యూన్‌కు రెండు, బేస్‌కు ఒకటి, డ్రమ్ములకు సర్‌మనే నాయిస్ ఒకటి, చిన్న చిన్న రికార్డింగ్ ముక్కలకు ఒకటి. దాంట్లనే పాట, దాంట్లనే తుపాకి, దాంట్లనే దుంకుడు. మారియో జంప్ కొట్టినప్పుడు చెవి పెట్టి విను, ట్యూన్ల ఒక లైన్ సన్నగ మాయమై మళ్ల వస్తది, జంప్ సౌండ్ ఆ ఛానెల్‌ను గుంజుకుంటది గద. 1985ల వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ గేమ్ మొత్తం కలిపి 40 కేబీ. ఇప్పుడు ఫోన్ల తీసే ఒక్క ఫోటో కూడ అంతల పట్టదు. అందుల్నే బొమ్మలు, అందుల్నే కోజీ కొండో ట్యూన్లు, అవి ఇప్పటికీ జనం కూనిరాగం తీస్తనే ఉన్నరు. టైం 100 దగ్గరికి రాంగనే ఆ ట్యూన్ స్పీడ్ అయితది సూడు, అదే స్పేస్ ఇన్వేడర్స్ ఐడియా.

1990ల సూపర్ మారియో వరల్డ్‌ల ఇంకో అడుగు పడ్డది. మారియో పోయి యోషీ అనే డైనోసార్ మీద ఎక్కంగనే నడుస్తున్న పాట మీదనే డ్రమ్స్ వచ్చి కలుస్తయి, దిగంగనే పోతయి. పాట ఆగది, మారది, మీద ఒక పొర పడ్తది. ఆ మరుసటేడు, 1991ల, లూకస్ ఆర్ట్స్ కంపెనీల మైకల్ ల్యాండ్, పీటర్ మెక్‌కానెల్ అనే ఇద్దరు ఐమ్యూజ్ అని ఒక సిస్టమ్ తయారుచేసిండ్రు, మంకీ ఐలాండ్ 2 గేమ్‌ల పెట్టిండ్రు. అందుల ఒక ఊరు ఉంటది, ఒక్కో దుకాణంలకు పోతుంటే అదే పాట, కాని వాయిద్యం మారుతది, నడక మారుతది, ఎక్కడ కూడ కోసి అతికించినట్టు వినపడదు. ఇయ్యాల కొత్త టెక్నాలజీ అని చెప్పుకునేదాంట్ల చానా వరకు ఆ ఇద్దరు అప్పుడే చేసి సూపించిండ్రు.

తర్వాత సీడీ వచ్చింది, సోనీ ప్లేస్టేషన్ 1994ల. అందరు దీన్ని పెద్ద ముందడుగు అంటరు, అసలు మనుషులు వాయించిన అసలు రికార్డింగే పెట్టొచ్చు గద. 1996ల క్వేక్ గేమ్‌కు ట్రెంట్ రెజ్నర్ అనే అమెరికా రాక్ పాటగాడు మ్యూజిక్ చేస్తే అది మామూలు సీడీ ప్లేయర్ల వేసుకొని కూడ విన్నరు. కాని నేను దీన్ని కొంచెం ఎనుకడుగు అనే అంట. పాత మిషన్ల సౌండ్ చిప్‌ల పాట నోటు నోటుగ ఉంటది, ఎప్పుడంటె అప్పుడు స్పీడ్ పెంచొచ్చు, వాయిద్యం మార్చొచ్చు. సీడీల ఉన్నది ఎట్ల రికార్డ్ అయ్యిందో అట్లనే వస్తది, ఆట ఎటు పోయినా పాట దాని దారిన అది పోతనే ఉంటది. సౌండ్ మస్తు పెరిగింది గాని ఆటను వినే గుణం పోయింది.

ఆ రెండిటినీ మళ్ల కలపనీకె చానా ఏండ్లు పట్టింది. 2010ల రెడ్ డెడ్ రిడెంప్షన్ అనే కౌబాయ్ గేమ్ వచ్చింది, బిల్ ఎల్మ్, వుడీ జాక్సన్ దానికి మ్యూజిక్ చేసినప్పుడు చాన వరకు ఒకే స్పీడ్ల, నిమిషానికి 130 బీట్స్, ఒకే శృతిల, 'ఏ మైనర్' అనే స్కేల్ల రికార్డ్ చేసిండ్రు. గిటార్ వేరే, డ్రమ్స్ వేరే, బేస్ వేరే ముక్కలు. అన్నీ ఒకే కొలత కాబట్టి గేమ్ ఏ ముక్కనన్న ఏ ముక్క మీదన్న వేసుకోవచ్చు, గుర్రం ఎక్కితే ఒకటి, కాల్పులు మొదలైతే ఇంకోటి. మనుషులు వాయించిన సౌండ్, చిప్ లెక్క వినే గుణం, రెండూ దొరికినయి. ఇప్పుడు ఎఫ్‌మాడ్, వైజ్ అనే సాఫ్ట్‌వేర్లు ఉన్నయి, ఈ పొరలు కలుపుడు, ఇడగొట్టుడు కంపోజర్ తన కంప్యూటర్ల తనే సెట్ చేసుకుంటడు.

ఆర్కెస్ట్రా ముచ్చట అడిగినవ్ గద, అది పైసలతోని వచ్చింది తమ్మీ. అది గొప్పనే, కాదనను. కాని ఎనభై మంది వాయించినా ఆటను వినకపోతే అది గేమ్‌ల మోగుతున్న సినిమా మ్యూజిక్, గంతే.

మిన్‌క్రాఫ్ట్‌ల మ్యూజిక్ ఎప్పుడో ఒకసారి వస్తది, మధ్యల చానసేపు ఏం ఉండదు. మా ట్యాబ్ స్పీకర్ ఖరాబైందా? – జడ్చర్ల

కాలేదు, షాపుకు తీస్కపోయి పైసలు పెట్టకు. డేనియల్ రోసెన్‌ఫెల్డ్ అనే జర్మనీ కంపోజర్, సీ418 అనే పేరు మీద చేస్తడు, మొదట్ల ఆ గేమ్ పియానో మ్యూజిక్ చేసింది ఆయనే. పాటకూ పాటకూ మధ్యల నిమిషాలకు నిమిషాలు ఖాళీ ఉంచుడు కావాలని చేసిందే. గంటలకు గంటలు ఇల్లు కట్టుకుంట కూసునేటోనికి అదే పాట ఆగకుండ మోగితే నెత్తి నొస్తది.

మాకు నల్గొండల ఇంటర్నెట్ సెంటర్ ఉంటుండె. పిల్లలంత వైస్ సిటీ గేమ్ కోసమే వచ్చేటోళ్లు, గంటకు ఇంత అని ఇచ్చి ఆడేటోళ్లు. బైక్ ఎక్కంగనే రేడియో వస్తుండె, ఇంగ్లీష్ పాటలు నేను విన్నదే గండ్ల. మొన్న మా కొడుకు కొత్త దాన్ని కొని ఆడితే పాటలు కొన్ని లేవు. ఎందుకు తీసేసిండ్రు? – నల్గొండ

అన్నా, మీ ఉత్తరం సదువుతుంటే నవ్వొచ్చింది, ఎందుకంటే ఆ సెంటర్లల్ల సగం కంప్యూటర్లల్ల ఉన్నది సైజ్ తగ్గించనీకె రేడియో పీకేసిన కాపీ, బైక్ ఎక్కితే ఇంజన్ సప్పుడు తప్ప ఏం రాదు. మీ దాంట్ల పాటలు వచ్చినయంటే మీరు మంచి కాపీనే పెట్టినట్టు. ఇంకో ముచ్చట కూడ చాన మందికి యాదికుంటది, కంప్యూటర్ల ఆ గేమ్ ఫోల్డర్లనే ఎంపీ3 అని ఒక ఫోల్డర్ ఉండేది, అందుల మన పాటలు ఏస్తే రేడియోల అవి కూడ వచ్చేవి. మియామీ లెక్క కట్టిన అమెరికా సిటీల, సముద్రం ఒడ్డు పొంటి, తెలుగు పాట పెట్టుకొని బైక్ తోలుడు.

ఆ గేమ్ వచ్చింది 2002ల, కథ నడిచేది 1986ల. ఆ ఏడాది ఫీల్ రావాల్నని అప్పటి అసలు పాటలు, మైకేల్ జాక్సన్ పాటలతోని సహ, లైసెన్స్ తీస్కొని రేడియో స్టేషన్లల్ల పెట్టిండ్రు. గేమ్ కోసం పాట రాయించుడు కాదు, జనానికి తెలిసిన పాటలు కొని కాలాన్ని తెచ్చుడు, అది మ్యూజిక్‌ను వాడే ఇంకో తీరు, మస్తు పనిచేసింది. చిక్కేందంటే కొన్నది పాటను కాదు, పాట వాడుకునే హక్కును, అది కూడ కొన్నేండ్లకే. గడువు అయిపోతే కంపెనీ మళ్ల పైసలు కట్టాలె, లేకపోతే పాట తీసెయ్యాలె. అట్లనే వైస్ సిటీ తర్వాత తర్వాత అమ్మిన వెర్షన్లల్ల, 2021ల వచ్చిన కొత్త ఎడిషన్ల కూడ, కొన్ని పాటలు లేవు. అదే జీటీఏ వరుసల వచ్చిన శాన్ ఆండ్రియాస్ గేమ్‌కు 2014 అప్‌డేట్ల కొన్ని పోయినయి. జీటీఏ 4కు అయితే 2018ల, వచ్చి పదేండ్లు కాంగనే, రష్యన్ రేడియో స్టేషన్ పాటలు చాన వరకు తీసేసి కొత్తవి పెట్టిండ్రు, ముందే పైసలు కట్టి కొన్నోళ్లకు కూడ. ఇది నాకు అస్సలు నచ్చదు. కొన్న వస్తువుల నుంచి తర్వాత వచ్చి ముక్క కోసుకపోవుడు ఏం న్యాయం. కాని చట్టం వాళ్ల దిక్కే ఉన్నది. పాత డిస్క్ మీ దగ్గర ఉంటే పారెయ్యకుండ్రి.

నేను గేమ్ ఆడుకుంట యూట్యూబ్ల లైవ్ పెడ్త. గేమ్‌ల వచ్చిన పాటకే నా వీడియోకు కాపీరైట్ వచ్చింది. గేమ్ నేను కొన్నదే గద? – వనపర్తి

గేమ్ కొన్నవ్ తమ్మీ, పాటను ఊరందరికీ వినిపించే హక్కు కొనలే. ముందు వచ్చింది క్లెయిమా, స్ట్రైకా సూడు. క్లెయిమ్ అయితే యాడ్ల పైసలు పాట ఓనర్‌కు పోతయి లేదా సౌండ్ బంద్ అయితది, భయపడే పని లేదు. స్ట్రైక్ అయితే మాత్రం జాగ్రత్త, 90 రోజులల్ల మూడు పడ్తే ఛానెలే పోతది. ఇప్పుడు కొన్ని గేమ్‌లల్ల సెట్టింగ్స్‌లనే కాపీరైట్ పాటలు బంద్ చేసే ఆప్షన్ ఇస్తుండ్రు, సైబర్‌పంక్ 2077ల ఉన్నది. లైవ్ పెట్టే ముందల అది ఒత్తు.

మేం నలుగురం డప్పు కొడ్తం, పెండ్లిళ్లు, జాతరలు, పీర్ల పండుగ, చావులు, అన్నిటికీ పోతం. హైదరాబాద్ నుంచి ఒకరు ఫోన్ చేసి "గేమ్‌కు డప్పు సౌండ్ కావాలె, ఒక రోజు స్టూడియోకు రాండ్రి" అన్నరు. గేమ్‌కు డప్పుతోని ఏం పని? పోతే ఎట్ల కొట్టాలె, ఏం అడగాలె? – కల్వకుర్తి దగ్గర ఒక పల్లె

అన్నా, ఈసారి వచ్చిన ప్రశ్నలల్ల నాకు బాగ నచ్చింది ఇదే, అందుకే కొంచెం పొడుగు రాస్త.

డప్పుతోని ఏం పని అంటే, మీరు చేసే పనే గేమ్‌కు కావాల్సిన పని. ఆడేటోని కాళ్లు సూసుకుంట దరువు మారుస్తరు గద మీరు, ఆయన ఊపు మీదుంటే పెంచుతరు, అలిసిండంటే దింపుతరు, ఎవ్వలకన్న పూనకం వస్తుందంటే ఇంకో దరువు ఎత్తుకుంటరు, ఎప్పుడు ఆపాల్నో ఎవ్వలు చెప్పరు. పైన మిర్యాలగూడ తమ్మునికి రాసిన చిక్కు ఇదే, కంప్యూటర్ తోని ఆ పని చేయించనీకె గేమ్‌లు చేసేటోళ్లకు ముప్పై ఏండ్ల పైనే పట్టింది. తేడా ఏందంటే మీరు ఎదురుంగ ఉండి సూసి మారుస్తరు, గేమ్‌ల మాత్రం మీరు ఉండరు, మీ దెబ్బలు ఉంటయి. అందుకే వాళ్లు స్టూడియోల మీతోని వింత వింతగ కొట్టిపిస్తరు, తిక్క లేవనియ్యకుండ్రి.

ఒక్క దెబ్బ కొట్టి ఆగమంటరు. మళ్ల అదే దెబ్బ, మళ్ల అదే, మెల్లగ, నడిమి తీరు, గట్టిగ. ఎందుకంటే ఒకటే రికార్డింగ్ మళ్ల మళ్ల ఏస్తే అది మిషన్ కొట్టినట్టు వినపడ్తది, అదే దెబ్బ నాలుగైదు తీర్ల ఉంటే మార్చి మార్చి ఏస్తరు. సిర్రతోని వేరే, సిటికెన పుల్లతోని వేరే, రెండు కలిపి వేరే అడుగుతరు. తర్వాత దరువులు అడుగుతరు, చెవుల టిక్ టిక్ పెట్టి దాని మీదనే కొట్టమంటరు. ఇది కష్టం అనిపిస్తది మీకు, డప్పు కొట్టేటోళ్లు నలుగురు కలిస్తే ఊపు దానంతట అదే పెరుగుతది గద, అక్కడ పెరగొద్దు, పెరిగితే ముక్కల మీద ముక్క కూసోదు. ఇంట్ల రెండు మూడు రోజులు ఫోన్ల టిక్ టిక్ యాప్ పెట్టుకొని కొట్టి సూడుండ్రి.

ఇంకొక ముఖ్యమైన ముచ్చట, డప్పు కాపుడు. ఏసీ గదిల తోలు దబ్బున వదులైతది, పొద్దుగాల కొట్టిన దెబ్బ ఒక శృతిల, పగటీలి కొట్టింది ఇంకో శృతిల పడ్తది, ఆ రెండు గేమ్‌ల పక్క పక్కన వస్తే ఖరాబుంటది. స్టూడియోల మంట పెట్టనియ్యరు. ముందే ఫోన్ చేసి "డప్పు కాపుకోనీకె బయట జాగ ఇస్తరా" అని అడుగుండ్రి, గంటకోసారి బయటికి పోయి కాపుకొని రావాల్సొస్తదని చెప్పుండ్రి. తెలిసిన స్టూడియో వాళ్లయితే వాళ్లే ఏర్పాటు చేస్తరు.

పైసల సంగతి. రోజు కూలి లెక్క మాట్లాడకుండ్రి. పెండ్లిల కొట్టిన దరువు ఆ రోజుతోని అయిపోతది, ఇది అయిపోదు, ఆ సౌండ్ ఎన్నేండ్లన్న, ఎంతమంది ఫోన్లల్ల అన్న మోగుతది. ఒక్క గేమ్‌కేనా, వేరే గేమ్‌లకు, యాడ్లకు కూడ వాడుకుంటరా, సౌండ్ ప్యాక్ చేసి అమ్ముకుంటరా, కాగితం మీద రాయించుకోండ్రి. అన్నిటికీ అంటే రేటు వేరే. గేమ్ చివర్ల పేర్లు వచ్చే కాడ నలుగురి పేర్లు, ఊరి పేరు పడాలని కూడ రాయించుండ్రి. ఇంగ్లీష్ కాగితం అయితే సదువుకున్న పిల్లగాన్ని ఎంట తీస్కపోండ్రి, అక్కడికక్కడ సంతకం పెట్టకుండ్రి.

జానపదం గేమ్‌లకు పనికొస్తదా అని ఎవ్వలన్న అంటే టెట్రిస్ సంగతి చెప్పుండ్రి. ఇటుకలు పేర్చే ఆ గేమ్ 1989ల చేతిల పట్టుకునే గేమ్ బాయ్ మీద వచ్చినప్పుడు అందుల పెట్టిన ట్యూన్ కొరోబెయినికి అనే రష్యా జానపదం, ఊర్లు తిరిగి సామాన్లు అమ్మే వ్యాపారి పాట. ఆ పాట ఏందో తెల్వనోళ్లు కూడ ప్రపంచమంత దాన్ని కూనిరాగం తీస్తరు. మన కాడ 12 మెట్ల కిన్నెర ఉన్నది, నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్యకు దాని మీదనే 2022ల పద్మశ్రీ వచ్చింది, ఆ సౌండ్ మంచిగ రికార్డ్ చేసి పెడితే ఎంత బాగుంటది. 2020ల పుణె వాళ్లు చేసిన రాజీ అనే గేమ్ మొత్తం మన పురాణాల మీదనే, బాగ చేసిండ్రు, దానికి మ్యూజిక్ ఇచ్చింది మాత్రం లినోస్ జెలోస్ అనే గ్రీకు ఆయన. ఆయన పని మంచిగనే ఉన్నది, నాకేం కంప్లయింట్ లేదు. మీ అసుంటోళ్లు స్టూడియో మెట్లు ఎక్కాలని మాత్రం నా ఆశ.

నేను రిటైర్డ్ సంగీతం టీచర్ని. మా మనుమరాలు గేమ్‌ల ట్యూన్లే వీణ మీద వాయిస్తానంటది. రాగం లేదు, తాళం లేదు, తిరిగి తిరిగి అదే. దీన్ని సంగీతం అంటారా? – గద్వాల

టీచరమ్మా, నమస్తే. కోప్పడకుండ్రి, నేను మీ మనుమరాలి పక్షమే.

తిరిగి తిరిగి అదే వచ్చుడు వాళ్లకు చేతగాక కాదు, అదే అక్కడ కష్టమైన పని. ఒక ట్యూన్ నిమిషంన్నర ఉంటది, పిల్లలు దాన్ని వందల సార్లు వింటరు, వందోసారి కూడ చిరాకు రావొద్దు. అందుకే చివర్ల పూర్తిగ షడ్జమం మీద కూసోబెట్టరు, కొంచెం గాలిల ఉంచుతరు, మళ్ల మొదటికి పోతే అతుకు తెలియకుండ. మీరు పల్లవికి తిరిగి వచ్చే చోట ఎట్ల జాగ్రత్త పడ్తరో మీకు నేను చెప్పేదేముంది.

పెద్దోళ్లు ఒప్పుకున్నరా అంటే, 1986ల డ్రాగన్ క్వెస్ట్‌కు మ్యూజిక్ చేసిన కోయిచి సుగియామా అప్పటికే జపాన్ల పేరున్న కంపోజర్, మరుసటేడే ఆ ట్యూన్లు ఆర్కెస్ట్రాతోని కచేరీ పెట్టిండు. క్రిస్టఫర్ టిన్ సివిలైజేషన్ 4 అనే గేమ్ కోసం స్వాహిలీ అనే ఆఫ్రికా భాషల చేసిన బాబా యేతు పాటకు 2011ల గ్రామీ వచ్చింది, గేమ్ పాటకు అది మొదటి గ్రామీ. 2023 నుంచి గేమ్ మ్యూజిక్‌కు గ్రామీల వేరే విభాగమే పెట్టిండ్రు, మొదటిది స్టెఫనీ ఎకొనమూ అనే ఆమెకు వచ్చింది. అదే ఏడాది మారియో ట్యూన్‌ను అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాచిపెట్టాల్సిన రికార్డింగుల లిస్టుల చేర్చింది.

అవార్డులు పక్కన పెట్టి నా మాట చెప్పాల్నంటే, గేమ్ మ్యూజిక్ అంత గొప్పదేం కాదు. పెద్ద బడ్జెట్ గేమ్‌లల్ల సగం వాటిల ఒకటే దుమ్ దుమ్ డ్రమ్ములు, ఒకటే కోరస్ ఆ ఆ అని, పేరు తీసేస్తే ఏ గేమో ఎవ్వలు చెప్పలేరు. మీ మనుమరాలు ఏ ట్యూన్లు ఏరుకుంటదో సూడుండ్రి, పిల్లలకు ఆ తేడా మంచిగనే తెలుస్తది. ఆస్టిన్ వింటోరీ చేసిన జర్నీ గేమ్ మ్యూజిక్ ఒకసారి ఆమె పక్కన కూసొని వినుండ్రి, గేమ్ ఆడే పని లేదు. చెల్లో అనే పెద్ద వయొలిన్ అసుంటి వాయిద్యం ఎట్ల ఒక్కటే మొదలైతదో మీకు నచ్చుతదనే నా నమ్మకం.

అన్నా, నేను ఎఫ్ఎల్ స్టూడియోల డీజే మిక్స్‌లు చేస్త, పెద్దగట్టు జాతరకు, వినాయక చవితికి మస్తు ఆర్డర్లు వస్తయి. గేమ్‌లకు మ్యూజిక్ చెయ్యాల్నని ఉన్నది. ఎట్ల మొదలుపెట్టాలె? ఏఐ వచ్చింది గద, ఇంక ఈ పని ఉంటదా? – సూర్యాపేట

బీట్ మీద పట్టు ఉన్నది నీకు, అది సగం పని. ఇంక మిగిలిన సగం పాటను ముక్కలుగ ఆలోచించుడు. నీ ట్రాక్ ఒకటి తీస్కో, నీ సొంతది, డ్రమ్స్ వేరే, బేస్ వేరే, మెలొడీ వేరే ఎక్స్‌పోర్ట్ చెయ్, ఏ ముక్క తీసేసినా మిగిలింది నిలబడాలె, తాళం ఏ చుట్టు (బార్) దగ్గర అయినా డ్రమ్స్ వచ్చి కలవాలె. డీజే మిక్స్‌ల ఎక్కడ డ్రాప్ పడాల్నో నువ్వు తేల్చినవ్ కదా, గేమ్‌ల అది ఆడేటోడు తేలుస్తడు, గదే తేడా. ఎఫ్‌మాడ్, వైజ్ రెండూ నేర్చుకోనీకె ఫ్రీగనే దొరుకుతయి, ఒకటి పట్టుకో, రెండూ వద్దు. కంప్యూటర్ మరీ పాతదైతే ఎఫ్‌మాడ్ తోని పో.

తర్వాత గేమ్ జామ్‌లల్ల దూరు. రెండు మూడు రోజులల్ల ఒక చిన్న గేమ్ చేసే పోటీలు ఇవి, ఇచ్.ఐఓ సైట్ల ఏడాదంత నడుస్తనే ఉంటయి, గ్లోబల్ గేమ్ జామ్ జనవరిల వస్తది. కోడింగ్ చేసేటోళ్లు, బొమ్మలు గీసేటోళ్లు మస్తుమంది ఉంటరు, మ్యూజిక్ చేసేటోడు దొరకక ఫ్రీ సౌండ్లు వెతుక్కుంటుంటరు. పైసలు రావు, మనుషులు దొరుకుతరు. హైదరాబాద్ల ఈఏ కంపెనీకి పెద్ద స్టూడియోనే ఉన్నది, చిన్న చిన్నవి కూడ ఉన్నయి, గేమ్‌లు చేసేటోళ్ల ఐజీడీసీ సదస్సు చాన ఏండ్లు అక్కడనే జరిగింది. కాని మొదటి పని పెద్ద కంపెనీల వస్తదని కూసోకు, ఆ జామ్‌ల కలిసినోడు రేపు సొంత గేమ్ పెట్టినప్పుడు నీకు ఫోన్ చేస్తడు, చాన మందికి గట్లనే వస్తది.

ఏఐ గురించి ఉట్టి ధైర్యం చెప్పను. ఫోన్ గేమ్‌లల్ల వచ్చే చౌక రకం, ఎవ్వలు పట్టించుకోని మ్యూజిక్ పని కొంత పోతది, పోతనే ఉన్నది. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే స్టీమ్ సైట్ల గేమ్ పెట్టేటోళ్లు ఏఐ వాడితే చెప్పాలె అని 2024ల రూల్ వచ్చింది, కొనేటోళ్లు కొందరు అది సూసి ఎనుకకు పోతుండ్రు, అది నీకు కొంత మేలు. పాట ఒకటి చేసిచ్చుడు ఏఐకి అల్కగనే అయితది. ఆడేటోడు ఎక్కడ భయపడ్తడు, ఎక్కడ బోర్ కొట్టి ఊరికె తిరుగుతడు, అక్కడ ఏ ముక్క ఆపాలె అని డిజైన్ చేసేటోళ్లతోని కూసొని తేల్చే పని ఇంక మనుషులదే. అందుకే ట్యూన్లు చేసుడు ఒక్కటే నేర్చుకొని ఆగకు.

ఎవ్వలకన్న నీ పని పంపేటప్పుడు ఎంపీ3 పంపకు, గేమ్ ఆడుతుంటే మ్యూజిక్ ఎట్ల మారుతుందో స్క్రీన్ రికార్డ్ చేసి రెండు నిమిషాల వీడియో పంపు. సినిమా పాటలు కలిపిన మిక్స్‌లు మాత్రం అందుల పెట్టకు, అవి ఎంత దుమ్ము లేపినా సరే. నీది కాని పాట కనపడంగనే వాళ్లు ట్యాబ్ మూసేస్తరు.